ఇంటికో పేరు

గణపతికి ఫైర్‌మ్యాన్ ఉద్యోగం వచ్చిందని తెలిసిన రోజున అంకమ్మ వ్యాపారం చెడింది. మామూలుగా అవనిగడ్డ మార్కెట్లో ఆమె నోటికి జడిసి బేరమాడనివాళ్ళు కూడా ఆ రోజు తమకు తోచిన ధరకి పండుగొప్ప చేపలు పట్టుకుపోయారు. "మా చిన్నోడికి గవర్నమెంటు ఉద్యోగం వచ్చిందమ్మా, మంటలార్పుతాడంట" అని అడిగినవాళ్ళకి రెండుసార్లు చెప్పింది, అడగనివాళ్ళకి ఒకసారి చెప్పింది. పొలుసు గీకే కత్తి చేతిలో అలాగే ఉండిపోయింది, చేపలు ఈగల పాలయ్యాయి. మొగుడు సముద్రంలో పోయిన ఈ పన్నెండేళ్ళలో ఆమె అంత తీరిగ్గా మాట్లాడడం ఆ బజారు చూడలేదు.

సంబరపడాల్సిందే మరి. ఉప్పుదిబ్బపాలెంలో సముద్రం మీద బతకని ఇల్లు లేదు, నెల జీతం రుచి తెలిసిన ఇల్లూ లేదు. గణపతి డిగ్రీ అయ్యాక మూడేళ్ళపాటు పొద్దున్నే లేచి పాలకాయతిప్ప ఇసకలో పరిగెత్తాడు. ఆ ఇసకలో నడవడమే కష్టం. వాడు అందులో మైళ్ళకి మైళ్ళు పరిగెత్తి, పగిలిన కాళ్ళు ఉప్పునీళ్ళలో కడుక్కుని, ఇంటికొచ్చి పుస్తకం పట్టుకునేవాడు. మొదటిసారి రెండు మార్కుల్లో పోయింది. రెండోసారి వచ్చింది. వాడికిప్పుడు ఇరవై అయిదు. మళ్ళీ పోస్టులు ఎప్పుడు వేస్తారో పైనున్న దేవుడికీ తెలియదు, వేసే గవర్నమెంటుకీ తెలియదు.

ఆ సంబరం నాలుగు రోజులు నిలిచింది. ఐదో రోజు, గురువారం సాయంత్రం, గణపతి బందరు నుంచి ఒక ఫారం పట్టుకొచ్చాడు. అటెస్టేషన్ ఫారం అంటారు దాన్ని. మనిషి ఎవరు, ఎక్కడివాడు, మంచివాడా చెడ్డవాడా అన్నది అందులో వాడే రాసివ్వాలి. రాసింది నిజమో కాదో పోలీసులు ఊళ్ళోకొచ్చి చూసుకుంటారు. సోమవారం పదకొండు గంటల్లోపు దాన్ని బందరు ఆఫీసులో ఇచ్చెయ్యాలి.

గణపతి అరుగు మీద పీట వేసుకుని, ఫారం ఒళ్ళో పెట్టుకుని, ప్రతి గడీ పైకి చదువుతూ నింపుతున్నాడు. పెద్దకొడుకు వెంకట్ పక్కనే వల బాగుచేస్తున్నాడు. కోడలు సాయిదుర్గ పిల్లలిద్దరికీ అన్నం పెడుతోంది. అంకమ్మ ఎండుచేపలు ఏరుతోంది. "పుట్టుమచ్చలు అంట. ఎడం చేతి మీద గాలం గుచ్చుకున్న మచ్చ అని రాస్తున్నా" అని గణపతి నవ్వాడు. తర్వాత గడి చదివాడు. "పన్నెండు. మీ మీద ఎప్పుడైనా క్రిమినల్ కేసు నమోదయిందా? అరెస్టయ్యారా? కేసు ఏదైనా కోర్టులో నడుస్తోందా? ఇదిగో అన్నయ్యా, ఇది నిన్ను అడగాల్సింది, పొరపాటున నన్ను అడుగుతున్నారు."

ఆ మాటకి ఇంట్లో ఎవరూ నవ్వలేదు. వెంకట్ చేతిలో దారం ఆగిపోయింది. గణపతి 'లేదు' అని రాయడానికి కలం ఆనించాడు.

"ఆగరా" అంది అంకమ్మ.

ఇది ఏడేళ్ళ కిందటి మాట. వేట హద్దు దగ్గర ఉప్పుదిబ్బపాలానికీ, పాయ అవతలి నడిమిపాలానికీ గొడవ వచ్చింది. వలలు కోసుకున్నారు, తలలు పగలగొట్టుకున్నారు. మార్చి నెలలో ఒక రాత్రి నడిమిపాలెం రేవులో కట్టేసి ఉన్న భూషణం అనే అతని పడవ తగలబడిపోయింది. పోలీసు జీపు వచ్చేలోపే ఉప్పుదిబ్బపాలెం ఊరిపెద్ద బాబూరావు ఇంటింటికీ మనిషిని పంపి అందర్నీ ఒకచోట చేర్చాడు.

ఆ ఊళ్ళో ఒక కట్టుబాటు ఉంది. ఊరి మీద కేసు పడితే పోలీసులు ముద్దాయిల్ని వెతుక్కోనక్కర్లేదు, ఊరే జాబితా రాసిస్తుంది. ఇంటికో పేరు. మేడకైనా ఒకటే, గుడిసెకైనా ఒకటే. ఖర్చు ఊరిది, శ్రమ ఆ పేరుగలవాడిది. అందులో ఇంకో కిటుకు కూడా ఉంది, అది తెలివో తెలివితక్కువో మీరే చెప్పాలి. నిజంగా పని చేసినవాడి పేరు ఆ జాబితాలో ఉండకూడదు. చేయనివాణ్ణి ఎంత కుళ్ళబొడిచినా ఏం చెప్తాడు? వాడికి తెలిస్తే కదా చెప్పడానికి. అలా ఊరు తాతల నాటి నుంచి బయటపడుతూ వస్తోంది, ఎవడో ఒకడు మునుగుతూనూ ఉన్నాడు.

భూషణం పడవకి నిప్పు పెట్టింది వెంకట్. ఆ రాత్రి ఇంటికొచ్చినప్పుడు వాడి చొక్కా కిరసనాయిలు కంపు కొట్టింది, అంకమ్మే దాన్ని ఉతికింది. అప్పటికి వాడికి పెళ్ళయి ఏడాది, సాయిదుర్గ నిండు చూలాలు. ఇంటికి బియ్యం తెచ్చేది వాడొక్కడే. కట్టుబాటు ప్రకారం చూసినా వాడి పేరు చెప్పకూడదు. ఇక మిగిలింది గణపతి. వాడప్పుడు గుడివాడలో హాస్టల్లో ఉండి డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతున్నాడు.

"మీ ఇంట్లోంచి ఎవర్ని రాయమంటావమ్మా?" అని బాబూరావు అడిగాడు.

"మా చిన్నోణ్ణి రాయండి బావగారూ" అంది అంకమ్మ. ఊళ్ళో లేనివాణ్ణి పోలీసులు ఎలా కొడతారు? అదే ఆమె ఆలోచన. గంపలోంచి చేపను తీసి తక్కెట్లో వేసినంతసేపు కూడా పట్టలేదు.

తర్వాత కోర్టులో లొంగిపోవాల్సిన రోజు గణపతికి పరీక్ష. చెప్తే చదువు పాడవుతుందని వాడికి చెప్పలేదు. నలభై ఆరుగురు ముద్దాయిలు నిలబడ్డచోట పదిహేడోవాడి మొహం ఎవరు పరీక్షగా చూస్తారు? ఆధార్ జిరాక్సులో ఫోటో మసిబొగ్గులా పడింది, పైగా అన్నదమ్ములిద్దరిదీ ఒకటే ముక్కు. వెంకట్ వెళ్ళి నిలబడ్డాడు. ఒకసారి చూపించిన మొహమే ప్రతిసారీ చూపించాలి కదా. అప్పటినుంచీ వాయిదా పడినప్పుడల్లా బంట్రోతు "గణపతీ" అని కేకేస్తే వెంకట్ "హాజరండీ" అంటున్నాడు. అసలు గణపతేమో అన్నయ్య తన కేసుకి తాను తిరుగుతున్నాడనుకున్నాడు.

ఇదంతా అంకమ్మ చెప్పి ముగించేసరికి పిల్లలు కంచాల ముందే జోగుతున్నారు. గణపతి ముందు నవ్వబోయాడు. ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

"నా పేరా?" అన్నాడు. "నేను ఊళ్ళో లేనుగా అమ్మా."

"లేవు కనకే చెప్పాను నాయనా."

వాడు ఫారం మడిచి సంచిలో పెట్టుకుని ఒడ్డుకేసి వెళ్ళిపోయాడు. వెంకట్ వల మీద నుంచి తలెత్తలేదు. ఎండుచేపల వాసన మొదటిసారి అంకమ్మకి గిట్టలేదు.

మర్నాడు తల్లీకొడుకులు బందరు వెళ్ళారు. అక్కడ కోర్టు దగ్గర బెంజమిన్ గారని ఒక ప్లీడరు ఉన్నాడు. ఆయన సొంతూరు అవనిగడ్డ, క్రిస్మస్‌కి ఊరొచ్చినప్పుడల్లా అంకమ్మ దగ్గరే చేపలు కొంటాడు. ఆ చనువుతోనే ఆయన దగ్గరికి వెళ్ళింది. ఆయన కేసు నంబరు ఫోన్లో కొట్టి, కళ్ళజోడు పైకెత్తి చూశాడు.

"ఉందమ్మా. పదిహేడో ముద్దాయి. ఇంకా సాక్షుల్ని పిలవనే లేదు. ఈ లెక్కన మీ మనవడికి మీసాలొచ్చేదాకా నడుస్తుంది."

"లేదని రాసేస్తే ఏమవుద్దండీ? మా ఊరిపెద్దనడిగితే అట్టాగే రాయమంటాడు."

"అంతకంటే పొరపాటు ఇంకోటి లేదు. రేపు కానిస్టేబులు మీ స్టేషన్లో రికార్డు చూస్తాడు, మీ వీధిలో నలుగుర్ని అడుగుతాడు. కేసు ఉందని అందర్నీ తీసెయ్యరు గానీ, దాచాడంటే మాత్రం తీసేస్తారు. ఇంక ఏ గవర్నమెంటు ఉద్యోగానికీ పనికిరాడు."

"అయితే ఉందని రాస్తే ఇస్తారాండీ?" అని గణపతి అడిగాడు. పొద్దున్నుంచీ వాడు మాట్లాడిన మొదటి మాట అదే.

బెంజమిన్ గారు ఫోను బల్ల మీద పెట్టాడు. "గట్టు తగాదా, తోపులాట, అలాంటి కేసైతే పోనిమ్మంటారు బాబూ. ఇది నిప్పు కేసు. పడవకి నిప్పెట్టాడన్నవాడి చేతికి ఫైరింజను గొట్టం ఇస్తారా, నువ్వే చెప్పు."

అప్పుడు గణపతి చెప్పాడు. ఆ రాత్రి తాను గుడివాడ హాస్టల్లో ఉన్నానని, అక్కడ రోజూ రాత్రి తొమ్మిదింటికి వార్డెను దగ్గర రిజిస్టర్లో సంతకం పెట్టాలని, వార్డెను నతానియేలు గారు ఏ కాగితమూ పారేసే మనిషి కాదని. ప్లీడరు మొహం విప్పారింది. అంతలోనే ముడుచుకుంది.

"అది తెస్తే నువ్వు బయటపడతావు. కానీ జడ్జిగారు ఒకటి అడుగుతారు. గణపతి గుడివాడలో ఉంటే, ఏడేళ్ళుగా ఇక్కడ నిలబడి హాజరు అన్నవాడు ఎవడు? కోర్టుని మోసం చేసినవాడికి బెయిలు కూడా తేలిగ్గా రాదు."

ఎవరూ పేరు చెప్పలేదు, ఆయనా అడగలేదు. అంకమ్మ తన కాలివేళ్ళకేసి చూసుకుంది. ముందు చూస్తే నుయ్యి, వెనక చూస్తే గొయ్యి. ఆ రెండూ తాను తవ్వినవే.

గణపతి బయటికొచ్చి, "నువ్వు ఇంటికెళ్ళమ్మా" అని, గుడివాడ బస్సెక్కాడు. అంకమ్మ వెనక్కొచ్చి ఇంటికి పోకుండా నేరుగా బాబూరావు ఇంటికి వెళ్ళింది. పొరపాటున ఒక పేరు తప్పుగా పడిందని ఊరు రాసిస్తే చాలు కదా, అని ఆమె ఆశ.

"బావగారూ, ఒక్క కాగితం. మా చిన్నోడు ఆ రోజు ఊళ్ళో లేడని రాసి సంతకం పెట్టండి. మీ కాళ్ళు పట్టుకుంటా."

"ఒక్క కాగితమేనంటావేంటమ్మా?" బాబూరావు కోప్పడలేదు, దానికే ఆమెకి ఎక్కువ భయమేసింది. "ఒక పేరు అబద్ధమంటే తక్కిన నలభై అయిదూ నిజమేనా అని అడగరా? మా ఇంట్లోంచి మా అబ్బాయి హర్ష పేరిచ్చాను. వాడూ ఆ రాత్రి నిద్రపోతున్నాడు. వాడికీ పాస్‌పోర్టు రాలేదు. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అంటే ఎట్టాగమ్మా?"

"మీ హర్షకి బోట్లున్నాయి. మావాడికి ఆ ఉద్యోగం తప్ప ఏముందండీ?"

"ఇచ్చిన పేరు వెనక్కి తీసుకోవడం ఈ ఊళ్ళో లేదు" అని ఆయన లేచి లోపలికి వెళ్ళిపోయాడు. అంకమ్మ ఆ గుమ్మం ముందు కాసేపు నిలబడి, ఎవరూ చూడకుండా ముక్కు చీది ఇంటికొచ్చింది.

శనివారం ఆమె చేపలకి వెళ్ళలేదు. ఏడేళ్ళుగా ఉప్పుదిబ్బపాలెం ఆడమనిషి ఎవరూ చేయని పని చేసింది. పాయ దాటి నడిమిపాలెం వెళ్ళింది. భూషణం ఇల్లు అడిగితే, ఇంటి దగ్గర ఉండడని, రొయ్యల చెరువు దగ్గర కాపలా ఉంటాడని చెప్పారు. పడవకి యజమాని అయినవాడు పరాయి చెరువుగట్టు మీద తాటాకు పాకలో కూర్చుని ఉన్నాడు. మనిషి అంకమ్మ వయసువాడే, కానీ పదేళ్ళు పెద్దవాడిలా కనిపించాడు. అది చూడగానే అంకమ్మ నేర్చుకొచ్చిన మాటలన్నీ మర్చిపోయింది.

"అన్నయ్యా" అంది.

"ఏ కొడుకు కోసం వచ్చావమ్మా?" అన్నాడు భూషణం.

ఆమె పాక గుంజ పట్టుకుని నిలబడింది. ఆయనే మాట్లాడాడు, గొంతు పెంచకుండా.

"నా పడవ వెలుగులోనే వాడి మొహం చూశాను. మోకాల్లోతు నీళ్ళలో డబ్బా పట్టుకుని నిలబడ్డాడు. వెంకట్ అని పోలీసోళ్ళకి చెప్పాను. మీ ఊరోళ్ళు ఇచ్చిన జాబితాలో ఆ పేరు లేదు పొమ్మన్నారు. తర్వాత కోర్టుకొస్తే వాడే నిలబడి ఇంకోడి పేరుకి హాజరంటున్నాడు. మొదట్లో కోపమొచ్చేది. తర్వాత నవ్వొచ్చేది. ఇప్పుడు ఏదీ రావట్లేదు."

"చిన్నోడు ఆ రాత్రి గుడివాడలో ఉన్నాడు అన్నయ్యా. వాడికేం తెలవదు. ఉద్యోగమొచ్చింది. ఈ కేసు వల్ల పోయేట్టుంది."

"రేపెప్పుడో నన్ను సాక్ష్యానికి పిలుస్తారు. చేసినోణ్ణి చూపించమంటారు. చూపిస్తా. నేను చూపించేది నీ పెద్దోడి మొహం, శిక్ష పడేది నీ చిన్నోడి పేరు మీద. అది నా తప్పు కాదు కదమ్మా." ఆయన చెరువుకేసి తిరిగాడు. "నాకు మీ డబ్బు అక్కర్లేదు, మీ దణ్ణాలూ అక్కర్లేదు. చేసినోడు వచ్చి నేను చేశానని ఒక్కసారి కోర్టులో చెప్పమను. ఆ రోజు నేనే నిలబడి నీ చిన్నోడు అక్కడ లేడని చెప్తా. అట్టా చెప్తానని నా బిడ్డ మీద ఒట్టు."

ఆయన అడిగింది అన్యాయం కాదు. అదే అంకమ్మ ప్రాణానికి వచ్చింది. అన్యాయం అడిగితే నాలుగు తిట్టి, దుమ్మెత్తిపోసి వచ్చేది. న్యాయం అడిగినవాణ్ణి ఏమని తిడుతుంది? వచ్చేటప్పుడు పడవలో ఎవరో పలకరించినా వినిపించుకోలేదు.

ఆదివారం పొద్దున గణపతి గుడివాడ నుంచి వచ్చాడు. నతానియేలు గారు రిటైరైనా హాస్టల్ పక్కనే ఉంటున్నారట. సామాన్ల గదిలో సగం రోజు వెతికి, చెదలు దులిపి, ఆ ఏడాది రిజిస్టరు బయటికి తీశారట. ఆ పేజీ జిరాక్సు తీయించి, కింద తన చేత్తో రాసి సంతకం పెట్టి, తల మీద చెయ్యేసి ప్రార్థన చేసి పంపారట. అంకమ్మకి చదువు రాదు. అయినా కాగితంలో వాడు వేలు పెట్టి చూపించిన చోట చూసింది. పద్దెనిమిదేళ్ళ వయసులో వాడు పెట్టిన సంతకం. ఆ రాత్రి తొమ్మిది గంటలకి వాడు అక్కడ బుద్ధిగా సంతకం పెట్టాడు, తెల్లారేసరికి ఇక్కడ ఆమె వాణ్ణి ముద్దాయిని చేసింది.

వెంకట్ కూడా ఆ కాగితం చూశాడు. అన్నం ముందు నుంచి లేచి వచ్చి, తల్లి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"నేను చెప్పేస్తానమ్మా. నిప్పెట్టింది నేనే, హాజరన్నదీ నేనే. రేపు బందరు వచ్చి ప్లీడరు గారికి చెప్తా. ఏదైతే అదే అవుద్ది."

సాయిదుర్గ ఏడవలేదు, అరవలేదు. ఏడాదిన్నర పిల్లని చంకలోంచి దించి అత్త ఒళ్ళో పెట్టింది. "మీరే చెప్పండత్తా, ఏం చేయమంటారో" అని అంది. పిల్ల అంకమ్మ మెళ్ళో పూసలు పట్టుకుని లాగింది.

"నోర్ముయ్యిరా" అంది అంకమ్మ వెంకట్‌తో. "నువ్వు జైలుకి పోతే వీళ్ళనెవరు చూస్తారు? ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు. ఏదో ఒక దారి దొరుకుద్ది." ఏ దారీ లేదని ఆమెకి తెలుసు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అందరి గుమ్మాలూ తిరిగి వచ్చింది. గణపతి గుమ్మానికి ఆనుకుని అంతా విన్నాడు. తల్లిని ఒక్క మాట అనలేదు. అంటే బాగుండుననిపించింది ఆమెకి.

సోమవారం ముగ్గురూ బందరు బస్సెక్కారు. వెంకట్‌ని ఎవరూ రమ్మనలేదు, వాడే వచ్చాడు. ఆఫీసు వరండాలో అప్పటికే ముప్పై నలభై మంది కుర్రాళ్ళు, వాళ్ళ అమ్మానాన్నలు ఉన్నారు. అందరి చేతుల్లోనూ ప్లాస్టిక్ ఫైళ్ళు. చిలకలపూడి నుంచి వచ్చిన ఒకావిడ కొడుక్కి క్రాపు దువ్వుతోంది, ఇప్పుడే మంటలార్పడానికి పంపుతున్నట్టు. అంకమ్మకి ఆవిడ మీద చెప్పలేనంత కడుపుమంట కలిగింది. గదిలో కిటికీ దగ్గర గుమాస్తా ఒక్కొక్కరి కాగితాలూ చూసి తీసుకుంటున్నాడు. టైము పదిన్నర.

"టీ తెస్తా" అని వెంకట్ గేటు బయటికి వెళ్ళాడు.

గణపతి బల్ల మీద తల్లి పక్కన కూర్చుని ఫారం తీశాడు. పన్నెండో గడి ఇంకా ఖాళీగానే ఉంది. దాని పక్కన నతానియేలు గారిచ్చిన కాగితం పెట్టాడు.

"అమ్మా, ఆ రోజు నా పేరు చెప్పేముందు ఎంతసేపు ఆలోచించావు?"

అంకమ్మ అబద్ధం చెప్పగలదు. నిన్నటి చేపని ఇప్పుడే తెచ్చానని ఒట్టేసి అమ్మిన మనిషి. కానీ వాడు తన మొహంలోకి చూస్తున్నాడు.

"ఆలోచించలేదురా" అంది.

"ఇప్పుడు ఆలోచించు. కేసు ఉంది అని ఊరికే రాసిచ్చెయ్యమంటావా? లేకపోతే ఆ గణపతి నేను కాదు, నిలబడింది మా అన్నయ్య అని రాసి, ఈ కాగితం కూడా పెట్టమంటావా? నువ్వేది చెప్తే అదే రాస్తా. ఇంకోసారి అడగను."

క్యూ కదులుతోంది. అంకమ్మ ఆలోచించింది. ఏడేళ్ళ కిందట ఆలోచించనిదంతా అక్కడ ఆ బల్ల మీద కూర్చుని ఆలోచించింది. వెంకట్ లేని ఇల్లు కళ్ళ ముందు కనబడింది. సాయిదుర్గ తట్ట నెత్తిన పెట్టుకుని తన వెనక నడవడం, పూసలు లాగే పిల్ల నాన్నేడని అడగడం, అన్నీ కనబడ్డాయి. మళ్ళీ పక్కనున్నవాడి కాళ్ళకేసి చూసింది. బూట్ల అంచున మడమ దగ్గర చర్మం బీటలు వారి ఉంది. మూడేళ్ళు ఆ ఇసకలో ఎవరి కోసం పరిగెత్తాడు? మొగుడు లేని తల్లికి నెలకింత తెచ్చిపెట్టాలనే కదా. వాడు ఏ పాపం చేశాడు? ఊళ్ళో లేకపోవడం తప్ప ఏ పాపం చేశాడు? ఇద్దర్నీ కన్న కడుపే ఒకణ్ణి చూపించమంటే ఎలా చూపిస్తుంది? అయినా ఒకసారి చూపించింది కదా, ఒకణ్ణే చూపించింది కదా.

"వెంకట్ అని రాయి" అంది.

తన గొంతు తనకే వినిపించలేదనుకుంది, కానీ గణపతి విన్నాడు. తల్లి మొహంలోకి చాలాసేపు చూశాడు. తర్వాత కలం తీసి ఆ గడిలో రాశాడు. ఆమెకి చదువు రాకపోయినా, వాడు రాసింది ఒక్క వరసేనని అర్థమయింది. వెంటనే లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. అంకమ్మ కూడా లేచి వాడి వెనకే నిలబడింది.

గుమాస్తా కాగితాలు తిప్పి, పన్నెండో గడి దగ్గర ఆగాడు. "పడవ తగలబెట్టిన కేసా? ఇంకా నడుస్తోందా?"

"అవునండీ."

"నువ్వున్నావా అందులో?"

"నా పేరుందండీ."

గుమాస్తా చెడ్డవాడేమీ కాదు. వెనక నిలబడ్డ అంకమ్మని చూసి గొంతు తగ్గించాడు. "దాచకుండా రాశావు, మంచిదే. పైకి పంపుతాను బాబూ. కానీ ఆశ పెట్టుకోకు. ఇంతకు ముందు ఇలాంటివి రెండు పంపితే రెండూ తిరిగొచ్చాయి. నిప్పు కేసు కదా, వాళ్ళు మాత్రం ఏం చేస్తారు?" ఫారం మీద ముద్ర కొట్టి, ఎర్ర కలంతో ఒక గీత గీసి, దాన్ని తక్కినవాటిలో కాకుండా వేరే పక్కన పెట్టాడు.

గణపతి పక్కకి వచ్చాక అంకమ్మ చూసింది. గుడివాడ కాగితం వాడి చేతిలోనే ఉంది.

"అది పెట్టలేదేంరా? నేను చెప్పాను కదరా! చెప్పాను కదా!" ఆమె వాడి చొక్కా పట్టుకుని గుంజింది. చుట్టుపక్కలవాళ్ళు తిరిగి చూశారు.

"చెప్పావమ్మా. నాకోసం కూడా అన్నయ్య పేరు చెప్తావో లేదో తెలుసుకుందామనుకున్నాను. అంతే. అన్నయ్య లోపలికిపోతే నేను యూనిఫాం వేసుకుని ఆ ఇంట్లో ఎట్టా తిరుగుతాను?"

అంకమ్మ వాడి చొక్కా వదిలేసింది. కూర్చుందామని బల్లకేసి తిరిగింది. బల్ల వెనక స్తంభం పక్కన వెంకట్ నిలబడి ఉన్నాడు. చేతుల్లో మూడు టీ కప్పులు. ఎంతసేపటి నుంచి నిలబడ్డాడో గానీ, టీ వేళ్ళ మీదుగా కారి, కారినచోట ఆరిపోయి ఉంది. వాడు అంతా విన్నాడని ఆమెకి మొహం చూడగానే తెలిసింది.

వెంకట్ కప్పులు బల్ల మీద పెట్టి, కిటికీకేసి రెండడుగులు వేశాడు. గణపతి అడ్డం వెళ్ళి చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దన్నయ్యా. అయిపోయింది. కూర్చో."

"వదలరా."

"పాప నీకోసం చూస్తుంటది. కూర్చో అన్నయ్యా."

వెంకట్ వదిలించుకోవాలనుకుంటే వదిలించుకోగలడు. పడవ ఇంజను తాడు లాగే చెయ్యి అది. అయినా వచ్చి తల్లికి కుడి పక్కన కూర్చున్నాడు. గణపతి ఎడమ పక్కన కూర్చున్నాడు. చిలకలపూడి ఆవిడ కొడుకు కాగితాలు ఇచ్చేసి నవ్వుకుంటూ బయటికొచ్చాడు.

వెంకట్ ఒక కప్పు తీసి తల్లి చేతిలో పెట్టాడు. వాడి గొంతులో కోపం లేదు, నిష్ఠూరం కూడా లేదు.

"తాగమ్మా, చల్లారిపోద్ది. నువ్వేం బాధపడకు. ఈసారి సరైన పేరే చెప్పావు."

కొడుకులిద్దరూ చెరో పక్కన కూర్చుని టీ తాగుతున్నారు. అంకమ్మ ఇద్దరిలో ఎవరి వైపూ తల తిప్పలేకపోయింది.